కొత్త విశ్వాసి, పాత బాకీ

మన సంఘం పత్రికలో వ్రతాల గురించి, తీర్థయాత్రల గురించి, మార్కండేయ జయంతి గురించి ఎందరో చక్కగా రాశారు. క్రైస్తవం గురించి రాసినవారు తక్కువ. రాయవచ్చునా అని సంపాదకవర్గంలోని మిత్రుణ్ణి అడిగితే, "ప్రచారం వద్దు, తెలిసింది రాయండి" అన్నారు. ఆ హద్దులోనే ఉంటాను. ఎవరినీ ఏ మతంలోకీ పిలవడం ఈ వ్యాసం పని కాదు. కాని భివండి రోడ్ చుట్టుపక్కల మన పేటల్లో కొత్తగా క్రీస్తును నమ్ముకున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. తొలి ఏడాది వాళ్లు ఏం పట్టుకోవాలి, ఏం విడిచిపెట్టాలి అనే దగ్గర ఆ ఇళ్లలో పేచీలు వస్తున్నాయి. పేచీలో ఇటున్నవారూ అటున్నవారూ ఈ పత్రిక చదువుతారు కనుక ఈ నాలుగు మాటలు.

నా సంగతి క్లుప్తంగా చెబుతాను. మాది ఒంగోలు దగ్గర పల్లె. బి.కాం. చదివి బ్యాంకులో చేరి, బదిలీల మీద తిరిగి తిరిగి ఈ మరమగ్గాల ఊరు చేరాను. మా పూర్వీకులు చెప్పులు కుట్టిన మాదిగలు. 1878లో గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం పొందినవాళ్లలో మా ముత్తాత తండ్రి ఉన్నాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. నేను వేదాంతం చదవలేదు. డెబిట్లు, క్రెడిట్లు చదివాను. ఈ వ్యాసంలో ఆ వాసన తగిలితే క్షమించాలి.

కిందటి ఏడాది ఒక శుక్రవారం సాయంత్రం ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. పేరు రాయను. ముప్పై ఏళ్లుంటాయి. కరీంనగర్ వైపు నుంచి తండ్రి తరంలో ఇక్కడికి వచ్చిన పద్మశాలి కుటుంబం. సాంచాల మీద పని. తల్లి, భార్య, బడికి పోయే కూతురు. నాలుగు నెలలుగా మా చిన్న తెలుగు కూడికకు వస్తున్నాడు, బాప్తిస్మం ఇంకా కాలేదు. చేతిలో కూతురి బడి నోటుపుస్తకం. వెనక పేజీల్లో ఇరవై ఒక్క నియమాలు రాసుకొచ్చాడు. ఫోనులో రకరకాల ప్రసంగాలు విని పోగుచేసినవట. భార్య బొట్టు తీసెయ్యాలి, గాజులు తీసెయ్యాలి, బతుకమ్మ దగ్గరికి పోరాదు, పండగపూట తల్లి చేతి వంట ముట్టరాదు, పేరు మార్చుకోవాలి, ఆదివారం పని చెయ్యరాదు, సంపాదనలో పదో వంతు ఇవ్వాలి, ఇలా పోయింది జాబితా.

"సార్, ఇండ్ల ఫస్టు ఏది చెయ్యాలె?" అని అడిగాడు.

జవాబు చెప్పే ముందు నాకు మా ఒంగోలు గుర్తొచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో అక్కడ కాపురం పెట్టాడు. మావాళ్లు ఇప్పటికీ క్లౌ దొర అంటారు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది. యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద అప్పటికే నమ్మి, పల్లెపల్లెకూ తిరిగి తనవాళ్లకు చెబుతున్నాడు. చదువులేని జనం గుంపులుగా వస్తుంటే, కొత్తవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడంటే మూడు. ఆదివారం పని చెయ్యవద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు. విగ్రహాలను కొలవవద్దు.

వినడానికి చిన్నవే. కాని ఆనాటి పల్లెలో వీటి ఖరీదు ఎంతో చూడండి. మాదిగవాడు ఊరి రైతులకు చెప్పులు, మోట తోళ్లు కుట్టిపెట్టాలి. దానికి ప్రతిఫలంగా కళ్లంలో కాస్త గింజలు, చచ్చిన పశువు మీద హక్కు. గొడ్డు తిననంటే కరువు రోజుల్లో కడుపు మాడ్చుకోవడమే. విగ్రహానికి మొక్కనంటే అమ్మవారి జాతరలో డప్పు కొట్టననడం, అంటే ఊరి కట్టుబాటును కాదనడం. ఇక ఆదివారం పనికి రానంటే కోతల రోజుల్లో ఏ ఆసామి ఊరుకుంటాడు? కరణాలు, మునసబులు కోపగించారు. కొన్ని ఊళ్లలో బావుల దగ్గరికి రానివ్వలేదు, పనులు ఇవ్వలేదు. మూడు నియమాలకూ నమ్మినవాడే మూల్యం చెల్లించాడు.

ఇక్కడ ఒక మాట. 1876 నుంచి 1878 దాకా దక్షిణాదిని పీడించిన కరువులో గంజి కోసం మతం మారారని మావాళ్ల మీద ఒక అపవాదు ఉంది. లెక్కల మనిషిని కనుక తేదీలు చెబుతాను. కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. ఆ పని నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు, కూలి కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఇక ఇచ్చేందుకు పనీ లేదు, పైసా లేదు అని చెప్పిన తర్వాత కూడా జనం కదల్లేదు. 1878 జూలై 2, 3, 4 తేదీల్లో వెల్లంపల్లి దగ్గర ఏట్లో 3,536 మందికి బాప్తిస్మాలు జరిగాయి. అందులో 3వ తేదీ ఒక్కనాడే 2,222 మంది. కడుపు సంగతి అసలు లేదని నేను అనను. మనుషులన్నాక కడుపు ఉంటుంది. కాని గంజి ఆగిన తర్వాత వచ్చినవాళ్లను గంజి కోసం వచ్చారనడం లెక్కకు నిలవదు. పైగా ఖర్చు అక్కడితో తీరలేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి షెడ్యూల్డు కులాల హోదా లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మమ్మల్ని బి.సి.లలో సి గ్రూపు అంటారు. మా ముత్తాత తండ్రి ఏట్లో మునిగినందుకు నా పిల్లలు దరఖాస్తులో వేరే గడి నింపుతున్నారు.

మళ్లీ కుర్రవాడి నోటుపుస్తకానికి వద్దాం. అందులోని నియమాలన్నిటికీ పక్కన పెన్సిల్‌తో ఒక గడి గీయించాను. ఈ నియమం పాటిస్తే ఖర్చు ఎవరి ఖాతాలో పడుతుంది, నీ ఖాతాలోనా, ఇంట్లో ఇంకొకరి ఖాతాలోనా? బొట్టు, గాజులు భార్య ఖాతా. వంట తల్లి ఖాతా. బతుకమ్మ అయితే తల్లి, భార్య, పిల్ల ముగ్గురి ఖాతా. ఇరవై ఒకటిలో అతని సొంత ఖాతాలో పడేవి నాలుగో అయిదో తేలాయి. "తమ్ముడూ, ముందు ఇవి మొదలుపెట్టు. మిగతావి ఆ ఖాతాదారులు సంతకం పెట్టినప్పుడు చూద్దాం" అన్నాను. మా పాస్టరుగారు ఈ పద్ధతిని పూర్తిగా ఒప్పుకోలేదు. విగ్రహాల సంగతిలో అంత మెత్తదనం పనికిరాదన్నారు. అతణ్ణి నేను మొక్కమనలేదు. మొక్కవద్దని క్లౌ చెప్పింది నమ్మినవాడికి. నమ్మినవాడి తల్లి దీపం ఆర్పమని మాత్రం ఆయన ఎక్కడా చెప్పలేదు.

ఆ తల్లి ఒకనాడు పింఛను పని మీద బ్యాంకుకు వచ్చి, కౌంటరు దగ్గర నిలబడే అడిగింది. "గిదేం దేవుడు సారూ? సద్దుల బతుకమ్మ నాడు మలీదలు చేస్తే నా కొడుకు ముట్టలే. అవ్వ చేతి బువ్వ వద్దన్నడా మీ దేవుడు?"

వరుసలో ఉన్న నలుగురూ నా వైపు చూశారు. అన్నడని చెప్పలేను, అనలేదని తేలిగ్గా తోసెయ్యనూ లేను. ఎందుకంటే ఈ పేచీ పాతది. గ్రీసులోని కొరింథు పట్నంలో కొత్తగా నమ్మినవాళ్లకు సరిగ్గా ఇదే తగవు వచ్చింది, విగ్రహాలకు అర్పించిన ఆహారం తినవచ్చునా అని. పౌలు వాళ్లకు రాసిన మొదటి పత్రికలో ఎనిమిదో అధ్యాయం, పదో అధ్యాయం ఈ సంగతి మీదే. ఆయన జవాబులో రెండు పక్కలూ ఉన్నాయి. అర్పణ బల్ల దగ్గర కూర్చోవద్దంటాడు. భోజనానికి పిలిస్తే వెళ్లి, పెట్టింది ఆరాలు తీయకుండా తినమంటాడు. ఇది అర్పించినదని ఎవరైనా చెబితే మానమంటాడు, అదీ ఆ చెప్పినవాడి మనస్సాక్షి కోసం. మొత్తం మీద తిండి సంగతి కన్నా పక్కవాడి మనసు సంగతి ఆయనకు ఎక్కువ.

కుర్రవాడికి అదే చెప్పాను. మలీద తినమని చెప్పలేదు, అది అతని మనస్సాక్షి. కాని పండగ పూట ఇంట్లోంచి అలిగి వెళ్లిపోవద్దు, దేవుడి ముందు పెట్టకముందే తల్లి చేత ఇంత పప్పూ బువ్వా పెట్టించుకుని తినమన్నాను. మిగిలిన మూడువందల అరవై రోజులూ ఆమె వంటను మెచ్చుకుంటూ తినమన్నాను. అతనికి అది కొత్త. అంతకు ముందు ఎన్నడూ మెచ్చుకున్నట్టు లేడు.

ఈ సంగతిలో మనం ఉంటున్న మహారాష్ట్ర గడ్డ మీదే మంచి ఉదాహరణ ఉంది. మరాఠీ కవి నారాయణ వామన్ టిళక్ 1895లో బాప్తిస్మం పొందాడు. చిత్పావన బ్రాహ్మణ కుటుంబం. భార్య లక్ష్మీబాయి నాలుగైదేళ్లు దూరంగా ఉండిపోయింది. తర్వాత భర్త దగ్గరికి వచ్చినా తన మడి, తన వంట, తన నీళ్లు వేరుగా ఉంచుకుంది. ఆయన ఆమెను తొందరపెట్టలేదు. 1900లో ఆమె తనంతట తానే నిర్ణయించుకుంది. ఆమె ఆత్మకథ 'స్మృతిచిత్రే'లో ఆ రోజుల కన్నీళ్లూ నవ్వులూ రెండూ ఉన్నాయి. మరాఠీ వచ్చిన మన పిల్లల చేత చదివించవలసిన పుస్తకం.

పేరు సంగతి. టిళక్ పేరు మార్చుకోలేదు. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం పొందిన పండిత రమాబాయి లోకానికి రమాబాయిగానే నిలిచింది, శాకాహారమూ మానలేదు. మన పురుషోత్తమ చౌదరి పురుషోత్తముడిగానే తెలుగు కీర్తనలు కట్టాడు, పేరయ్య పేరయ్యగానే పోయాడు. ఇక బ్యాంకువాడిగా చెప్పాలంటే, ఆధార్‌లో ఒక పేరు, పాన్ కార్డులో ఒక పేరు, పాస్‌బుక్కులో ఇంకో పేరు పెట్టుకుని వచ్చేవాళ్ల అవస్థ రోజూ చూస్తున్నాను. పేరు జోలికి పోవద్దన్నాను.

ఆదివారం సంగతి అంత తేలిక కాదు. అతను పనిచేసే కార్ఖానాకు వారపు సెలవు శుక్రవారం. ఒక వారం పగలు పాళీ, ఒక వారం రాత్రి పాళీ, పన్నెండేసి గంటలు. రాత్రి పాళీ వారం ఆదివారం పొద్దున సాంచా దిగి, దూది నలుసులు జుట్టులో ఉండగానే కూడికకు వచ్చి, ప్రసంగం మొదలవగానే తూగుతాడు. పగలు పాళీ వారం రానే లేడు. ఒంగోలు నియమం ఇక్కడ ఎలా?

ఒంగోలు కన్నా ఇంకా వెనక్కి పోతే దారి కనిపిస్తుంది. ఆదివారం సెలవు అనేది మొదట్లో క్రైస్తవులకు లేనే లేదు. రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ 321లో చట్టం చేశాక వచ్చింది. అంతకు రెండు వందల ఏళ్ల ముందు, సుమారు 112లో, ఇప్పటి టర్కీ ఉత్తర భాగంలో గవర్నరుగా ఉన్న ప్లినీ, తన చక్రవర్తి ట్రాజన్‌కు ఒక నివేదిక రాశాడు. క్రైస్తవులను పట్టుకుని విచారిస్తే తేలింది ఇంతే అంటాడు. ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుతారు, క్రీస్తును దేవుడిగా ఎంచి పాడుతారు, దొంగతనం చెయ్యమనీ, వ్యభిచారం చెయ్యమనీ, ఇచ్చిన మాట తప్పమనీ, తమ దగ్గర ఉంచిన సొమ్ము అడిగినప్పుడు లేదనమనీ ఒట్టు పెట్టుకుంటారు. అంతే, విడిపోతారు. మళ్లీ కలిసి భోంచేస్తారు.

ఈ నివేదిక చదివినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. డిపాజిట్టు సొమ్ము మాట రెండో శతాబ్దపు విశ్వాసుల ఒట్టులో ఉందంటే మా వృత్తికి అంతకన్నా గౌరవం ఏముంది? అది అలా ఉంచితే, తెల్లవారకముందు కూడినవాళ్లు పనివాళ్లు కాబట్టే అలా కూడారు. అందుకని మా కూడికలో నలుగురైదుగురం శుక్రవారం సాయంత్రం కూడా ఒకరింట్లో కలవడం మొదలుపెట్టాం. పగలు పాళీ వారం అతను అక్కడికి వస్తాడు.

చదువు, ప్రార్థన గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మార్కు సువార్తతో మొదలుపెట్టాలి. పదహారు అధ్యాయాలు, రోజుకొకటి చొప్పున పదహారు రోజుల్లో అయిపోతుంది. ప్రకటన గ్రంథంతో మొదలుపెట్టినవాళ్లు మూడో రోజుకే కలలు కని పక్కింటివాళ్లకు జోస్యాలు చెబుతున్నారు. ప్రార్థన ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే చెయ్యాలి. మన బైబిలు తెలుగు గ్రాంథికం, 'ఏలయనగా' అన్న మాట దగ్గర ఇతను ఆగిపోయేవాడు. ఇతని భార్యకు చదువు రాదు, కూతురిది మరాఠీ బడి. పండిత రమాబాయి సామాన్యులకు అర్థమయ్యే మరాఠీలో బైబిలును తర్జుమా చేసింది, ఆమె పోయాక 1924లో వెలువడింది. మన మాట మనదే, మన పిల్లల చదువు మరాఠీ, ఈ ఇబ్బంది మీ ఇళ్లలోనూ ఉన్నదే. ఆ పిల్ల మరాఠీలో చదివి వాళ్లమ్మకు తెలుగులో చెబుతుంది. కొన్నిచోట్ల ఏం చెబుతుందో దేవుడికే తెలియాలి.

అసలు చిక్కు డబ్బు దగ్గర వచ్చింది. పదో వంతు ఇవ్వాలని అతని పట్టుదల. ఫోనులో ఎవరో ప్రసంగీకుడు ఒక కోడ్ చూపించి, పంపితే నూరంతలు వస్తుందన్నాడట. మా బ్యాంకులో నూరంతలిచ్చే పథకం ఏదీ లేదు. ఉందన్నవాడి దగ్గర డబ్బు పెట్టవద్దని ఖాతాదార్లకు రోజూ చెబుతుంటాం. అదే ఇతనికీ చెప్పాను. అసలు నీకు అప్పులేమన్నా ఉన్నాయా అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. నాలుగేళ్ల కిందట చెల్లెలి పెళ్లికి ఒక సేటు దగ్గర పద్నాలుగు వేలు బాకీ తీసుకున్నాడు. కార్ఖానాల్లో అడ్వాన్సును బాకీ అంటారని మీకు తెలుసు. కొన్నాళ్లకు వేరే కార్ఖానాలో మీటరుకు పైసలు ఎక్కువన్నారని చెప్పకుండా మారిపోయాడు. అప్పటి నుంచి ఆ గల్లీలోకి పోవడం మానేశాడు.

డోర్నకల్ బిషప్ అజరయ్యగారి గురించి కొందరైనా వినే ఉంటారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో భారతీయుల్లో మొదటి బిషప్ అయినవారు. పల్లెల్లో కొత్తగా నమ్మినవాళ్లకు నాలుగు దయ్యాలతో పోరు అనేవారాయన. మురికి, జబ్బు, అప్పు, తాగుడు. కానుకలు ఇవ్వడం గురించి పుస్తకమే రాసిన మనిషి, అప్పును దయ్యాల్లో కలిపారు. మన పల్లె సంఘాల్లో పూట పూటా వంటకు తీసిన బియ్యంలోంచి పిడికెడు పక్కనపెట్టి ఆదివారం తెచ్చే ఆచారం ఉంది. ఉన్నదాంట్లోంచి తీసిన పిడికెడు అది. అప్పు తెచ్చి వేసేది కాదు.

ఇక జక్కయ్య. లూకా సువార్త పందొమ్మిదో అధ్యాయంలో ఉంటాడు, సుంకాలు వసూలుచేసే ఉద్యోగి. పేరు వింటే మన గుంటూరు జిల్లా మనిషే అనిపిస్తుంది. యేసు తన ఇంటికి వచ్చిన రోజున లేచి నిలబడి, ఆస్తిలో సగం బీదలకిస్తాననీ, ఎవరి దగ్గర అన్యాయంగా తీసుకున్నా నాలుగింతలు తిరిగి ఇస్తాననీ అన్నాడు. నా ఎరికలో కొత్త విశ్వాసి వేసిన మొదటి అడుగు ఇదే. ఆ కథ చదివి కుర్రవాడు బెంబేలెత్తాడు. "నాలుగింతలంటే యాభై ఆరు వేలు సార్!"

నాలుగింతలు మోషే ధర్మశాస్త్రంలో గొర్రెను దొంగిలించి అమ్ముకున్నవాడికి. నిర్గమకాండం ఇరవై రెండో అధ్యాయంలో ఉంది. తప్పు తానే ఒప్పుకుని కట్టేవాడికి సంఖ్యాకాండం అయిదో అధ్యాయంలో తేలికైన లెక్క ఉంది, అసలు, దాని మీద అయిదో వంతు. పద్నాలుగు వేలకు అయిదో వంతు రెండు వేల ఎనిమిది వందలు. పదిహేను రోజులకోసారి వచ్చే పగార్లో వెయ్యి సేటుకు, రెండు వందలు పక్కకు, పద్నాలుగు పగార్లు. కాగితం మీద వేసి ఇచ్చాను.

మొదటి వెయ్యి పట్టుకుని వెళ్లినప్పుడు, మళ్లీ బాకీ కోసం వచ్చాడనుకున్నాడట సేటు. ఆయన మోమిన్, హజ్ చేసి వచ్చిన పెద్దమనిషి. వెయ్యి చేతిలో పెడితే చాలాసేపు చూసి, పాత వహీలు తీయించి, ఆ పేజీ వెతికించి, జమ వేయించాడు. చాయ్ తెప్పించాడు. పద్నాలుగు పగార్లూ ఒక్కటీ తప్పలేదు. చివర్న ఆ రెండు వేల ఎనిమిది వందలు ఇవ్వబోతే మాత్రం చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వడ్డీ తనకు నిషిద్ధమన్నాడు. ఇది వడ్డీ కాదు, మా గ్రంథంలో తప్పుకు కట్టే సొమ్ము అని ఇతను ఎంత చెప్పినా వినలేదు. "మీ గ్రంథానికి సలాం, నా గ్రంథం నాకుంది" అన్నాడట.

ఈ సంగతి తల్లికి తెలిసింది. నాలుగేళ్లుగా ఆ గల్లీ ముందు నుంచి పోవాలంటే ఆమెకూ మొహం చెల్లేది కాదట, కొడుకుతో ఎన్నడూ అనలేదు. బాప్తిస్మం మాట ఎత్తితే ఇప్పటికీ ఏడుస్తుంది. అందుకని తేదీ పెట్టుకోలేదు, ఆమె సరే అన్ననాడే అని ఇతనే అంటున్నాడు. మా పాస్టరుగారు ఓపిక పట్టారు.

ఆ రెండు వేల ఎనిమిది వందలు మా బ్రాంచిలో అతని సేవింగ్స్ ఖాతాలో ఉన్నాయి. తల్లి మార్కండేయ గుడిలో అన్నదానానికి ఇవ్వమంటోంది. కొడుకు సంఘానికి కానుక వేద్దామంటున్నాడు. కోడలు, పిల్లకు బడి బూట్లు లేవని గుర్తుచేస్తోంది. కిందటి శుక్రవారం ముగ్గురూ కలిసి నన్ను అడగడానికి వచ్చారు. ఖాతా మీదే, సంతకం మీదే అని చెప్పి చాయ్ ఇచ్చి పంపించాను.